జీడిపిక్కంత సీసం గుండు

విసురువల అంచుకి కట్టే సీసం గుండ్లు ఇంట్లోనే పోసుకోవాలని, దానికో అచ్చు కొనడానికి నేను బయల్దేరిన రోజున మా వాడంతా నవ్వింది. కోటబొమ్మాళి సంతకి ఆడవాళ్ళు చీరలకి వెళ్తారు గానీ అచ్చు బేరమాడటానికి వెళ్తారా అని. నాలాంటి మొండిది అయితే వెళ్తుంది.

నా పెనిమిటి ఏడాదిలో పది నెలలు గుజరాత్‌లో, వెరావల్ బోట్ల మీద ఉంటాడు. మా తీరంలో సగం ఇళ్ళ సంగతి ఇదే కాబట్టి దీనికి ఎవరి దగ్గరా జాలి దొరకదు. పెళ్ళయిన కొత్తలో మాత్రం ఆయన ఇక్కడే వల విసిరేవాడు. మొల లోతు నీళ్ళలో నిలబడి, వల అంచు కాస్త పళ్ళతో పట్టుకుని, నడుం తిప్పి వదిలితే అది గాల్లోనే గుండ్రంగా విచ్చుకుని, గుండ్లన్నీ ఒక్కసారే నీళ్ళలో పడేవి. నేను ఒడ్డున బుట్ట పట్టుకుని నిలబడేదాన్ని. చేపల కోసమే నిలబడ్డానని అనుకునేవాడు, పిచ్చిమనిషి. ఆ వల ఒక తుఫానుకి పోయింది, ఆయన బోటెక్కాడు. పదిహేడేళ్ళయింది.

నాకు ఆ మనిషి కావాలి. ఫోనులో కాదు, ఇంట్లో. మంచి వల ఒకటి చేతికిస్తే ఈసారి ఉండిపోతాడని ఆశ పడ్డాను. వల అల్లించడం తేలికే, మా వాడలోనే అల్లుతారు. గుండ్ల దగ్గరే వచ్చింది పేచీ. కొట్లో దొరికే గుండ్లన్నీ ఒకే బరువు, మా వాళ్ళు వాటిని లెక్కచేయరు. మా ఊళ్ళో గుండ్లు పోసే ముందు విసిరే మనిషి చెయ్యి చూస్తారు. చాపిన చేతికి ఇసక నింపిన గుడ్డసంచి వేలాడదీసి, వణక్కుండా ఎంతసేపు నిలుస్తుందో చూసి, గుండు ఎంత ఉండాలో చెప్తారు. ఒకరి వల ఇంకొకరికి పనికిరాదు.

ఆ చెయ్యి చూసేది మా చిన్నాన్న. సీసం కరిగించడం మా ఊళ్ళో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"ఎవులి సేతికే?" అన్నాడు.

"మా మావకి."

"మనిసిని రానియ్యే. సెయ్యి సూడకుండా ఎలాగ పోత్తాం?"

"ఆ సెయ్యి నాకు తెలవదేటి, సిన్నాన్నా?"

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళుగా పిక్కలు కొడుతున్నాను. గుప్పిట్లోకి తీసుకుంటే ఏది గట్టిదో ఏది తాలుదో చెప్పేస్తాను. అలాంటిదాన్ని మొగుడి చెయ్యి చెప్పలేనా అని నా పొగరు.

సంతలో మూడు అచ్చులు దొరికాయి. చింతపిక్కంత గుండ్లు వచ్చే అల్యూమినియం అచ్చు ఒకటి, చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఇంకోటి పొడుగు గుండ్లది. మూడోది ఇనపది, పటకారులా రెండు పిడులు, జీడిపిక్కంత గుండ్లు ఒకేసారి ఆరు పడతాయి. చిన్నాన్న చెప్పినట్టే ఒక్కోదాన్నీ మూసి ఎండకి ఎదురుగా పట్టాను. సందులోంచి వెలుగు కనిపిస్తే సీసం అందులోకి పాకి రెక్కలు కడుతుందట, ఆ రెక్క దారాన్ని కోసేస్తుందట. అల్యూమినియం దాంట్లో సన్నగా వెలుగు కనిపించింది. పొడుగు దాంట్లో, గుండుకి బెజ్జం పడటానికి పెట్టే పుల్ల వంకరగా ఉంది. ఇనపది ఎక్కడా సందు లేకుండా మూసుకుంది. అదీగాక, దాన్ని చేత్తో ఎత్తగానే నాకు ఆయన భుజం గుర్తొచ్చింది.

"విసురువలకి అంత బరువెందుకమ్మా, కొంచెం ఆగితే సిన్నది ఇంకోటి తెప్పిత్తాను" అన్నాడు కొట్టు అతను.

"విసిరే మనిసి నీకు తెలవదు బాబూ" అన్నాను. నలుగురిలో మొగుడి గురించి గొప్పలు పోవడం నాకు ఎంత బాగుందో చెప్పలేను.

టైర్ల షాపు నుంచి, చక్రాలకి బిగించి తీసేసిన పాత సీసం ముక్కలు తెచ్చాను. చిన్నాన్న పక్కన కూర్చుని చెప్తుంటే పెరట్లో గాలివాటం చూసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని కరిగించాను. అచ్చుని ముందు వేడిచెయ్యాలి, చుక్క తడి ఉన్నా సీసం చిమ్మి మొహాన పడుతుంది. మొదట పోసినవి ముడతలు పడ్డాయి. అచ్చు బాగా వేడెక్కాక నున్నగా రాలాయి. చల్లారిన గుండ్లన్నీ ఒళ్ళో పోసుకుని చాలాసేపు కూర్చున్నాను. మనిషి వచ్చేసినట్టే అనిపించింది.

ఆయన ఎండాకాలం చివర్లో వచ్చాడు. సన్నబడిపోయి ఉన్నాడు. మా వైపు కిడ్నీ జబ్బు ఎక్కువ, మగాడు సన్నబడితే ముందు చూపించేది కిడ్నీలే. చూపించాం, బాగానే ఉన్నాయన్నారు. నా ప్రాణం కుదుటపడి, మర్నాడే గుండ్లు కట్టి ఉంచిన కొత్త వల చేతికిచ్చాను.

గుండ్లని ఒక్కొక్కటే తడిమి చూశాడు. "ఎవులు ఎంచినారే అచ్చు?"

"నానే."

"మంచిదే ఎంచినావు" అన్నాడు, నా మొహం చూడకుండా.

నీళ్ళలోకి దిగి విసిరాడు. వల విచ్చుకోకుండా ముద్దగా ఆయన ముందే పడింది. రెండోసారి సగమే విచ్చుకుంది. మూడోసారి చెయ్యి భుజం దాటి లేవలేదు. ఒడ్డున ఉన్నవాళ్ళు చూసీ చూడనట్టు మొహాలు తిప్పుకున్నారు. ఆయన వలని లాక్కొచ్చి తడి ఇసకలో కూలబడ్డాడు.

"ఈ బుజం పోయి నాలుగేళ్ళయిందే. బోటు మీద తాడు లాగేసింది. అప్పట్నుంచి నన్ను వల ముట్టుకోనివ్వరు. అక్కడ వంట సేత్తన్నాను."

ఇంటికొచ్చే రెండు నెలల్లో ఏ బరువూ ఎత్తడు కాబట్టి ఆ భుజం సంగతి నా కంట పడలేదు. ఇక వంటంటారా, ఇంట్లో మంచినీళ్ళు కూడా తనకి తాను ముంచుకోని మనిషి. నాకు ముందు నవ్వొచ్చింది, నవ్వు సగంలోనే ఏడుపొచ్చింది. నాలుగేళ్ళుగా, బోటు ఒడ్డుకొచ్చినప్పుడల్లా ఫోనులో ఏం తిన్నావని అడుగుతున్నాను. చేపల పులుసు అనేవాడు. ఎవరు వండారని ఒక్కసారీ అడగలేదు నేను. బోటెక్కి వెళ్ళిపోయిన కుర్రాడికి అచ్చు ఎంచాను తప్ప, రైలు దిగిన మనిషికి కాదు. ఆ కుర్రాడిని అంతగా కోరుకున్నాను మరి.

శ్రావణంలో మళ్ళీ వెళ్ళిపోయాడు. వద్దన్నాను. "ఇక్కడుండి ఏటి సెయ్యనే?" అన్నాడు. వల నుంచి గుండ్లన్నీ విప్పేశాను, మళ్ళీ కరిగించి ఇంకో అచ్చులో చిన్నవి పోయాలి. ఎంత చిన్నవో మాత్రం ఈసారి నా అంతట నేను చెప్పదలచుకోలేదు. నిన్న ఫోనులో అడిగాను.

"మావా, ఈపాలి ఎంత గుండు పొయ్యమంటావు?"



"నువ్వు ఎంత ఎత్తగలవో అంతే పొయ్యి. ఇప్పుడు నా బలవూ అంతే."

"అయితే ఉండిపోడానికి వత్తావా?"

"వత్తానే."

పదిహేడేళ్ళలో ఆ మాట ఆయన నోట వినడం ఇదే మొదటిసారి. రావడానికి ఇంకా ఆరు నెలలుంది. పదిహేడేళ్ళు ఎలాగో గడిచిపోయాయి గానీ, ఈ ఆరు నెలలు గడిచేలా లేవు.