ఒకటి ఏ వేలు?

మా మనవరాలికి పియానో నేర్పే టీచర్, తన తల్లి ఆపరేషన్ కోసం మూడు వారాలు జహీరాబాద్ వెళ్ళింది. ఏ తారీఖున వెళ్ళిందో, ఏ తారీఖున వచ్చిందో గోడ క్యాలెండర్‌లో రాసి పెట్టాను, ఎవరైనా అడిగితే చెప్పడానికి. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

వెళ్ళే ముందు ఆమె ఒక మాట చెప్పింది. అమీన్‌పూర్‌లో తను ఉండే అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో పిల్లలందరూ వాయించే కార్యక్రమం ఒకటి ఉంది. తను తిరిగి వచ్చేసరికి రెండు చేతులూ కలిపి ఒక పాట వాయించగలిగితే మా పిల్ల పేరు అందులో ఉంటుంది. లేకపోతే ఈసారికి కుర్చీలో కూర్చుని వినాలి. మా పిల్లకు ఏడేళ్ళు. ఆ సంగతి తేలకముందే కర్దనూర్ తాతకు, అంటే మా కోడలి తండ్రికి, ఫోన్ చేసి రమ్మని చెప్పేసింది. ఆయన పొలం పని మానుకుని వస్తానన్నాడు. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

అంతవరకు పిల్ల వాయించినవి ఒక్కో చేత్తో చిన్న చిన్న ముక్కలు. టీచరే వేళ్ళు పట్టుకుని మీటల మీద పెట్టేది. కొత్త పాట మాత్రం కాగితం మీద రాసి ఫోటో పంపింది. పైన ఒక వరస, కింద ఒక వరస, ప్రతి స్వరం నెత్తిన ఒక అంకె. ఆ అంకె ఏ వేలితో వాయించాలో చెబుతుందని, దాన్ని కచ్చితంగా పాటించాలని గొంతు రికార్డు చేసి పంపింది. కోడలు జిన్నారంలో మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తుంది. కొడుకువి షిఫ్టులు. కాబట్టి సాధన చేయించే బాధ్యత నాకు వచ్చింది. నాకు సంగీతం రాదు. అంకెలు వచ్చు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో, కార్మికుల హాజరు రాసే టైం ఆఫీసులో, రిటైరయ్యేదాకా పని చేశాను. ఒక్క నిమిషం తప్పు రాసిన రోజు లేదు.

ఒకటి అంటే చిటికెన వేలు. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. పాల ప్యాకెట్లయినా, భోజనానికి వచ్చే చుట్టాలైనా చిటికెన వేలి నుంచే మొదలుపెడతాం. బొటనవేలు చివర వస్తుంది.

పై వరసలో అంకెలు ఒకటి నుంచి ఐదు దాకా ఎడమ నుంచి కుడికి ఎక్కుతున్నాయి. పిల్ల ఇంట్లో ఉన్న చిన్న పియానో మీద కుడిచేయి పెట్టింది. చిటికెన వేలు ఎడమవైపు రావాలంటే అరచేయి పైకి తిరగాలి. తిప్పింది. గోళ్ళతో వాయించింది. శబ్దం సరిగా రాలేదు. కాసేపు ఆలోచించి ఎడమచేయి పెట్టమన్నాను. ఐదు వేళ్ళూ ఐదు మీటల మీద అచ్చంగా కూర్చున్నాయి. కింది వరస చూశాం. అది కుడిచేతికి సరిపోయింది. అంటే ఎడమచేయి కుడివైపుకు వెళ్ళాలి, కుడిచేయి ఎడమవైపుకు రావాలి, రెండూ మధ్యలో ఒకదాన్ని ఒకటి దాటాలి. పియానో కష్టమని అందరూ ఎందుకంటారో ఆ రోజు నాకు అర్థమైంది.

మిస్ ఇలా వాయించదని పిల్ల ఒకసారి అంది. మిస్ వాయించేవి పెద్ద పాటలు, నీది వేరు అన్నాను. ఒప్పుకుంది.

రెండో రోజు కోడలు డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అత్తమ్మా, పొల్ల చేతులు ఏంది గట్ల ముడేసుకున్నది?"

కాగితం చూపించాను. తనూ చిటికెన వేలి నుంచి ఒకటి, రెండు అనుకుంటూ రెండు వరసలూ సరిచూసింది. ల్యాబ్‌లో పని చేసే మనిషి, ఊరికే ఒప్పుకోదు. ఫోన్‌లో వెతికి, ఎవరో పెద్దాయన ఒక చేతి మీదుగా ఇంకో చేయి దాటించి వాయించే వీడియో కూడా చూసింది.

"లెక్క కరెక్టే ఉన్నది. పెద్దోళ్ళు గూడ గట్లనే కొడుతున్నరు," అని బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

కింది ఫ్లాట్‌లో నైట్ షిఫ్టు చేసే అబ్బాయి సాయంత్రం నాలుగింటికి లేస్తాడు. ఆ తర్వాతే మా సాధన. మొదట్లో పిల్ల చేతులు గుద్దుకునేవి. పై చేయి కింది చేతికి తగలకుండా కుర్చీలో దిండు వేసి పిల్లను కొంచెం ఎత్తు చేశాను. మూడో వారం పూర్తయ్యేసరికి పాట మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా వచ్చింది.

టీచర్ తిరిగి రాగానే శనివారం చూసుకుని కోడలితో కలిపి ముగ్గురం వెళ్ళాం. పిల్ల చేతులు అడ్డంగా వేసి వాయించింది. టీచర్ మధ్యలో ఆపలేదు. అయిపోయాక వచ్చి పిల్ల పక్కన కూర్చుంది.

"ఒకటి ఏ వేలో చూపెట్టు బేటా."

పిల్ల చిటికెన వేలు చూపించింది. నన్ను అడిగితే నేనూ అదే చూపించాను. కోడలూ అదే. టీచర్ తన చేయి తెరిచి, చిటికెన వేలు ముడిచి చూసుకుంది.

"కూరగాయల కాడ నేను గూడ గట్లనే లెక్కపెడ్త అమ్మా. పియానో కాడ బొటనేలు ఒకటి."

బొటనవేలు మిగతావాటిని లెక్కపెట్టే వేలని, హాజరు వేసే మనిషి పట్టీలో తన పేరు ముందు రాసుకోడని చెప్పాను. ఆమె కాదనలేదు. పియానో చేసినవాళ్ళ లెక్క అలా ఉందని మాత్రం అంది.

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన పేరు ఉందా లేదా అని అడిగింది. రెండు చేతులూ కలిశాయి కాబట్టి పేరు ఉంటుందని, కార్యక్రమం లోపు ఏ చేయి దాని వైపుకు రావాలని టీచర్ చెప్పింది. పది రోజులు టైముంది.

ఇంటికి వచ్చి పిల్ల బొటనవేళ్ళ మీద స్కెచ్ పెన్నుతో నేనే ఒకటి వేశాను. ఇష్టమై కాదు. స్నానం చేసినప్పుడల్లా మళ్ళీ వేసేదాన్ని. పాట చెవికి వచ్చేసింది కాబట్టి చేతులు నెమ్మదిగా దారికొచ్చాయి. తడబడినప్పుడు మాత్రం తమంతట తామే ఒకదాన్నొకటి దాటేవి. విడదీసేదాన్ని.

కార్యక్రమం రోజు కర్దనూర్ తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందే వచ్చాడు. నా పక్కన కూర్చున్నాడు. పిల్ల సమోసా తిని చేతులు సబ్బుతో కడుక్కుంది. అంకెలు పోయాయి. స్కెచ్ పెన్ను ఇంట్లో ఉంది. అప్పుడే పేరు పిలిచారు.

సగం వరకు బాగా వెళ్ళింది. తర్వాత ఆగిపోయింది. పిల్ల తన చేతులు చూసుకుని, నా వైపు చూసింది. ఇది ఒకటి అని గుర్తు చేయడానికి నేను బొటనవేలు ఎత్తి చూపించాను. శభాష్ అంటున్నాననుకుని తాత కూడా ఎత్తాడు. మా వెనక వరసలో వాళ్ళూ ఎత్తారు. పిల్ల ఇన్ని బొటనవేళ్ళ వైపు కాసేపు చూసి, మీటల వైపు తిరిగి, చేతులు అడ్డంగా వేసి మిగిలిన సగం పూర్తి చేసింది. ఒక్క మీట తప్పలేదు.

చప్పట్లు మిగతా పిల్లలకంటే ఎక్కువే వచ్చాయి. టీచర్ కూడా కొట్టింది, తల వంచుకుని. పిల్ల వచ్చి నా ఒళ్ళో కూర్చుని చెవిలో చెప్పింది.

"మర్చిపోయా నానమ్మా. అందుకే నీ లెక్కలో వాయించేశా."

తాత ఆ తర్వాతి పిల్లలు వాయించడం జాగ్రత్తగా చూశాడు. ఇద్దరు అయ్యాక నా వైపు వంగాడు.

"వీళ్ళకు ఇంకా చేతులు మార్చుడు నేర్పలేదా అక్కా?"

"ఇంకా లేదు అన్నయ్యగారూ," అన్నాను.