బొట్టు కింద తుప్పు

దసరా మర్నాడు నా షెడ్డులో నిమ్మకాయ పులుపూ తడి ఇనుమూ కలిసిన వాసన వస్తుంది. అందరికీ అది పండగ వాసనేమో, నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఈ ఉదయం కూడా ఒక కారు వచ్చింది. దాని వెనక సైకిళ్లు తగిలించే స్టాండు, ఆ స్టాండు ప్రతి బోల్టు మీద పసుపూ కుంకుమా. గుడ్డ చేతిలోకి తీసుకోగానే సత్తెమ్మక్క గుర్తొచ్చింది. ఆమెతో పాటు ఆ ఫాంహౌస్ సారు కూడా గుర్తొచ్చాడు. ఆయన గుర్తొస్తే పళ్లు కొరుక్కోవాల్సిందే.

సత్తెమ్మక్కను మీరు చూడలేదు కదా, చెప్తాను. ఇబ్రహీంపట్నంలో రోడ్డు పక్కన బండ్లు కడిగి గ్రీసు పెట్టే షెడ్డు ఆమెది. భర్త పోయాక 'ఆడదానివి, అమ్మేసుకో' అని అందరూ అంటే, నెల తిరక్కుండా నీళ్ల పైపు తనే పట్టుకుందట. నేను పదో తరగతి తప్పి ఆమె దగ్గర పనికి చేరాను. అప్పట్లో హైదరాబాద్ మా మీదికి ఉరికొస్తోంది. ఆదివారం వస్తే చాలు, సిటీ వాళ్లు కార్ల వెనక సైకిళ్లు కట్టుకొని చెరువు కట్ట మీద తొక్కడానికి వచ్చేవాళ్లు. "సైకిల్‌ను కారుకు ఎక్కిచ్చుకొచ్చి, మల్ల దాని మీద వీళ్లు ఎక్కుడేందక్కా?" అని నేను నవ్వితే, "వాళ్ల సరదా వాళ్లది. నువ్వు స్టాండు జూడు" అనేది.

స్టాండు చూడటమంటే ఆమెకు పసిపిల్లకు స్నానం పోసినట్టే. కడగగానే ప్రతి సందూ పొడిగుడ్డతో తుడవాలి. నెలకోసారి బోల్టులన్నీ విప్పి, మరల్లోని మట్టిని వైర్ బ్రష్‌తో గీకి, సన్నగా గ్రీసు రాసి మళ్లీ బిగించాలి. మడతపడే కీలుకు రెండు చుక్కల నూనె. సైకిల్‌ను పట్టి ఉంచే రబ్బరు పట్టీలకు మాత్రం నూనె తగలకూడదు. ఒకసారి విప్పడానికి బద్ధకించి పైపైన గ్రీసు పూసి వదిలేస్తే నా చెవి మెలిపెట్టింది. "పైన పూస్తే లోపటికి ఎట్ల పోతదే? కదపని బోల్టు కరుసుకుంటది. అప్పుడు మీ తాత దిగొచ్చినా రాదు."

ఊరి బయట ఫాంహౌస్ కట్టుకున్న ఆ సారు కార్లన్నీ మా దగ్గరికే వచ్చేవి. ఒక దసరాకు ఆయనింట్లో కొబ్బరికాయను స్టాండు కీలు మీదే కొట్టారు, నిమ్మకాయలు పిండారు, బోల్టులకు తడి కుంకుమ మెత్తారు. బొట్టు దానంతటదే రాలాలట, తుడిస్తే అరిష్టమట. తెల్లారి, బొట్ల జోలికి పోకుండా కడగమని కారు పంపితే అక్క ముందుగా బోల్టులే తుడవసాగింది. అప్పుడే సారు వచ్చాడు.

"ఏయ్, ఏం జేస్తున్నవ్?"

"నిమ్మరసం ఇనుమును తింటది సారూ."

"నీ మొకానికే బొట్టు లేదు. నా బండి బొట్టు తుడుస్తవా?"

అక్క గుడ్డ పిండి పక్కన పెట్టింది. "పూజ బండికి జేసిండ్రు సారూ, తుప్పుకు గాదు" అంది, అంతే. ఆయన కారు తీసుకుపోయాడు, ఇక ఒక్క బండీ పంపలేదు. ఆయన ఆ మాట అన్నప్పుడు మూడడుగుల దూరంలో ఆయన తెల్ల చొక్కా, నా చేతిలో నీళ్ల పైపు. రోజంతా వాగే నా నోరు ఆ ఒక్క నిమిషం మూసుకుపోయింది.

ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం అదే కారు మళ్లీ వచ్చింది, సారే తెచ్చాడు. స్టాండు కిందికి వంగితేనే వెనక డోరు తెరుచుకుంటుంది. అది వంగడం లేదు, సైకిళ్లూ ఊడటం లేదు, చుట్టాలంతా కట్ట మీద ఎదురుచూస్తున్నారు. కుంకుమ నల్లగా పుండు పొక్కులా కట్టింది, దాని అంచుల్లోంచి తుప్పు. పైగా ఎవరో సుత్తితో బాదినట్టున్నారు. సారు అక్క వైపు చూడకుండా నాతో, "పాపా, నువ్వు తియ్. ఆమెను ముట్టనియ్యకు" అన్నాడు.

"నేను ముట్ట" అన్నాను. "ఈ చేతులకు పని నేర్పింది అక్కనే. అక్క చెయ్యి పనికిరాదంటే నాదీ పనికిరాదు. కారును గిట్లనే తీస్కపోండ్రి."

ఆయన ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ఆదివారం కదా, ఎవరూ రాలేదు. చివరికి నేల చూస్తూ, "సత్తెమ్మా, జర చూడు" అన్నాడు.

అక్క లేచింది. కిరోసిన్ డబ్బా తీసుకొని నింపాదిగా అడిగింది: "బొట్టు తుడవాలె మరి. తుడవన్నా సారూ?"

ఆయన తల ఊపాడు. ఆమె తుడిచింది. కిరోసిన్ పోసి నాననిచ్చింది. నేను ఆ కోపంలోనే పానా తగిలించి గుంజబోతే చేతి మీద ఒక్కటేసింది. "కోపం పానా మీద జూపియ్యకు, బోల్టు తెగుతది. జర అటు, జర ఇటు." అరగంటకు బోల్టు కిర్రుమని కదిలింది. సారు క్షమించమనలేదు. కారెక్కి పోయాడు.

అక్క పోయి రెండేళ్లయింది. షెడ్డు ఇప్పుడు నేను చూస్తున్నాను. ఈ ఉదయం వచ్చినాయన కూడా, "తుడవకమ్మా, అరిష్టం" అన్నాడు. "తుడవద్దంటే ఇంకో షెడ్డు చూసుకోండ్రి" అన్నాను. గొణుక్కుంటూనే ఆగాడు. నా కోపం సగం ఆ ఫాంహౌస్ సారు మీద, సగం ఆ రోజు పైపు పట్టుకొని గమ్మున నిలబడ్డ నా మీద. బొట్టు ఆ కోపంతోనే తుడుస్తాను. పానా మాత్రం మెల్లగా తిప్పుతాను, జర అటు, జర ఇటు.