రాలిత్సా పేరున పారిన ధార

దోంచో ముప్పై ఏళ్లు మా ప్లోవ్‌దివ్ ఊరి వీధుల్లో పైపులు విని బతికాడు. ఇనుపకడ్డీ ఒక కొన పైపు మీద, రెండోది చెవికి ఆనించి, నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చెప్పేవాడు. తవ్వేవాణ్ణి నేను. ఆయన చూపించిన చోట నా గునపానికి పొడి మట్టి తగిలిన రోజు లేదు.

నిరుడు పైపులన్నిటికీ సెన్సర్లు బిగించారు. ఇంజనీరమ్మ యోవానా ఆఫీసులో కూర్చునే ఏ వీధిలో నీళ్లు పోతున్నాయో చెప్పేస్తోంది. నాకు ఒళ్లు మండింది. దోంచోకి మాత్రం భయం పట్టుకుంది. ఎందుకో నాకొక్కడికే తెలుసు.

పన్నెండేళ్ల కిందట ఆయన కూతురు రాలిత్సా జ్వరంతో పోయింది. పోయినవాళ్ల పేరు రాతి మీద చెక్కి, దారిపక్కన నీళ్ల ధార కట్టడం మాలో ఉంది. దానికి కుళాయి పెట్టం, ఆగకూడదు. అనుమతి అడిగితే ఇవ్వరని, ఓ ఆదివారం మేమిద్దరమే వీధి పైపుకి కన్నం వేసి కలిపేశాం. తప్పే. అప్పుడలా అనిపించలేదు.

సెన్సరు ఆ వీధినే పట్టుకుంది. దోంచో రెండుసార్లు వెళ్లి ‘లీకు లేదు’ అని రాసిచ్చాడు. ముప్పై ఏళ్లలో ఆయన చెప్పిన అబద్ధాలు ఆ రెండే. మూడోసారి యోవానా మా వెంట వచ్చింది.

ధార దగ్గర ఒక ముసలావిడ బకెట్లు నింపుకుంటోంది.

"మా అయిదో అంతస్తుకి చుక్క ఎక్కదు నాయనా! ఈ పిల్ల ధారే లేకపోతే మా గతేంటి? ఎక్కడున్నా చల్లగా ఉండాలి తల్లి!"

దోంచో ముఖం పాలిపోయింది. "ఎన్నాళ్లుగా ఎక్కట్లేదమ్మా?"

"పదేళ్లు దాటింది. మోసి మోసి నడుం పడిపోయింది."

ఆయన జేబులోంచి సుద్ద తీసి, కూతురి పేరు కింద అడ్డంగా గీత గీశాడు.

"లీకు ఇదేనమ్మా యోవానా, ఈవిడ అంతస్తుకి ఎక్కాల్సిన నీళ్లు ఇక్కడే పోతున్నాయి. నీ యంత్రం అబద్ధమాడలేదు, నేనే ఆడాను."

యోవానా ధార కింద చెయ్యి పెట్టి చూసింది. "నొక్కుడు కుళాయి పెడదాం బాబాయ్. కావాల్సినప్పుడే వస్తుంది."

"ఆగి ఆగి వచ్చేది దాని పేరున వద్దు తల్లీ."

ధారకి వెళ్లే పైపు వాల్వు తనే తిప్పి కట్టేశాడు. ధార సన్నబడి ఆగిపోయింది. ముసలావిడ లబోదిబోమంది. దోంచో మోకాళ్ల మీద కూర్చుని వీధి పైపుకి కడ్డీ ఆనించాడు. కళ్లు ధారగా కారుతున్నాయి. చూడలేకపోయాను.

"ఇంకేం వింటావన్నా, లే, పోదాం."

"ఉండరా స్పాస్," అన్నాడు, "నీళ్లు పైకెక్కుతున్నాయి."