బారిడీహ్‌లో తప్పులన్నీ పోలరాజుగారివే

టాటానగర్ బారిడీహ్ కాలనీలో పోలరాజుగారు రోజూ పొద్దున్నే చేసే మొదటి పని తప్పు ఒప్పుకోవడం. ఏ తప్పో ముందుగా తెలియనక్కర్లేదు. అందరూ పూజ అయ్యాక, తెలిసీ తెలియక చేసిన అపరాధాలు మన్నించమని దేవుడికి దండం పెడతారు. పోలరాజుగారు పూజకు ముందే ఆ ముచ్చట తీర్చేసుకుంటారు. అక్కడితో ఆగినా బాగుండును. చెప్పులేసుకుని పాల బూత్ దాకా నడుస్తూ, దారిలో ఏది విరిగినా, ఏది ఒలికినా, ఏది ఆగినా, "నానే సేసినాను, ఏటనుకోకండి" అని చెప్పి గానీ ముందుకు కదలరు.

పాల బూత్ పింటూకి యాభై ఏళ్లు, రెండు బూత్‌లు, ఒక భార్యా ఉన్నారు. ఆ మూడింటిలో అతనికి భయం భార్యంటేనే. ఓ పొద్దున అతని చేతిలోంచి నాలుగు పాల పాకెట్లు జారి పగిలాయి. ఎవరు పడేశారంటూ లోపలినుంచి "కిస్‌నే గిరాయా?" అని కేక వినిపించింది. "మైనే! నానే!" అన్నారు పోలరాజుగారు. అప్పటికాయన రోడ్డుకు అవతలి పక్కనున్నారు. పింటూ భార్య బయటికొచ్చి, పగిలిన పాకెట్లను, రోడ్డు వెడల్పును చూసి, నవ్వాపుకోలేక లోపలికి వెళ్లిపోయింది.

టాటానగర్ స్టేషన్లో రైలు రెండు గంటలు ఆలస్యమైతే, పక్క బెంచీ మీద విసుక్కుంటున్న పెద్దావిడకు ఆయన క్షమాపణ చెప్పుకున్నారు. "నాను ఈయేళ బేగి వచ్చీసినానమ్మా. నాను బేగి వత్తే అది ఆలీసంగా వత్తాది." శ్రీరామనవమికి వానపడి పందిరి తడిస్తే, "నాను గొడుగు తెచ్చినాను, అందుకే పడింది" అన్నారు.

అందరికన్నా ఎక్కువ బాధ ఆయన భార్య దాలమ్మగారిది. "తగువు పెట్టుకుందారంటే మొదటి మాటకే ఒప్పీసుకుంటాడు. రెండో మాట ఎవులితో ఆడాల? నలభై ఏళ్లనించి ఒక్క తగువూ నిండా పండనేదు" అని ఆవిడ ఎదురింటి శైలజ దగ్గర వాపోయేది.

శైలజకు పోలరాజుగారంటే ఇష్టమే. బాబాయ్ అని పిలిచేది. ఆయన ఉక్కు కంపెనీలో ముప్పై ఆరేళ్లు చేసి, చివరి పన్నెండేళ్లు మిల్లు కంట్రోల్ రూములో కంప్యూటర్ల మధ్య గడిపి రిటైరయ్యారని ఆమెకు తెలుసు. అయితే అంత చదువున్న బుర్రలో ఒక మర మాత్రం ఎక్కడో వదులైందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం అమ్మవారి పండగకు ముందురోజు మధ్యాహ్నం దాకా చెక్కుచెదరలేదు.

గుడి వెనక ఒకే ఒక గది తెలుగు సంఘం ఆఫీసు. అందులో ఒక బల్ల, ఒక ఫ్యాను, ఒక ముసలి కంప్యూటరు, వాటన్నిటికీ కలిపి శైలజ. ఆ కంప్యూటరు తెరుచుకునే లోపల అన్నం ఉడికేది. రెండు వారాల కిందట కాలేజీ పిల్ల తనుశ్రీ వచ్చి పాతదంతా తీసేసి, కొత్తగా లినక్స్ అనే సిస్టమ్ ఎక్కించింది. "అబ్ మక్ఖన్ జైసా చలేగా, ఆంటీ" అంది. "ఆగిపోతే మాత్రం ప్లగ్ మత్ ఖీంచ్‌నా, పీకొద్దు" అని వేలు చూపించి మరీ వెళ్లింది. నిజంగానే వెన్నలా నడిచింది.

పండగనాడు తెల్లవారగానే అమ్మవారి ముందు నాలుగు వందల పన్నెండు కుటుంబాల గోత్రనామాలు చదవాలి. వాటిని రెండు నెలలుగా శైలజ టైపు చేసింది. కొందరు ఫోనులో చెప్పారు. కొందరు గుడి మెట్ల మీద ఆపి చెప్పారు. గోత్రం తెలియనివాళ్లు పూజారిగారినడిగి కాశ్యప వేయించుకున్నారు. ఖరగ్‌పూర్ నుంచి ఒకాయన తన పేరు ముందు రాసి అన్నగారి పేరు వెనక రాయమని మూడుసార్లు ఫోన్ చేశాడు. అవన్నీ మళ్లీ పోగుచెయ్యాలంటే ఇంకో రెండు నెలలు కావాలి. అమ్మవారి పండగ ఆగదు.

చివరి పేరు పండగకు రెండు రోజుల ముందు సాయంత్రం పూర్తయింది. శైలజకు మనసు నిండిపోయింది. ఇన్ని కుటుంబాల పేర్లు ఉన్నచోట ఒక దీపమైనా లేకపోతే ఎలా అనిపించింది. కంప్యూటర్లోనే వెతికి, తెరనిండా రెపరెపలాడే దీపం బొమ్మ ఒకటి పట్టుకుని పెట్టింది. చేతులు జోడించింది. జోడించిన చేతులు విప్పేసరికి దీపం కదలడం మానేసింది. బాణపు గుర్తు కదల్లేదు. మీటలు నొక్కితే పలకలేదు. భయపడి ప్లగ్గు పీకింది. మళ్లీ పెట్టింది. మళ్లీ బిగుసుకుంది. అలా మూడుసార్లయింది.

మర్నాడు పొద్దున్న తెరిచేసరికి తెరమీద దీపం తప్ప ఇంకేమీ లేదు. జాబితా ఐకాను లేదు, ప్రింటరు ఐకాను లేదు, ఏ ఐకానూ లేదు. మూడు నిమిషాలకు ఆ దీపం కూడా కొయ్యబారింది. రాంచీలో పరీక్ష రాస్తున్న తనుశ్రీ ఫోను ఎత్తలేదు.

శైలజకు హేమ గుర్తొచ్చింది. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నది హేమ. ఆహ్వానపత్రికలో ఒక తేదీ తప్పు పడితే సెక్రటరీ గౌరీశంకర్‌గారు గుడి మండపంలో అందరిముందూ నిలబెట్టి అడిగారు. హేమ ఆ తర్వాత ఆఫీసుకే కాదు, గుడికి రావడం కూడా మానేసింది. దేవుడికి దీపం పెట్టబోయి దేవుడి జాబితానే పోగొట్టిందంటే ఇక తన గతి?

పన్నెండింటికి పోలరాజుగారు తొంగిచూశారు. "ఏటమ్మీ, మొగం అలగుంది?"

"కంప్యూటర్ ఆగిపోయింది బాబాయ్. బొమ్మలన్నీ పోయాయి. జాబితా..."

ఆయన కుర్చీ లాక్కుని మీటల పలక మీద నమ్‌లాక్ నొక్కారు. మూలన చిన్న లైటు వెలిగింది. మళ్లీ నొక్కారు. ఆరింది. "బతికే ఉంది. పైకి మొగం బిగుసుకుంది గానీ లోపల ఊపిరాడతంది. ఆఖర్న ఏటి సేసినావు?"

"ఏమీ చెయ్యలేదు బాబాయ్."

"అయితే నానే సేసుంటాను. మొన్న ఇటేపెల్తూ తుమ్మినాను."

"కిటికీ మూసే ఉంది బాబాయ్."

"గట్టిగా తుమ్మినాను."

ఇంకో రోజైతే శైలజ నవ్వేది. పోలరాజుగారు తెరవంక చూశారు. "ఈ దీపం బొమ్మ బాగుంది. ఇదెవులు ఎట్టినారు?"

శైలజ నోట్లోంచి మాట జారిపోయింది. "తనుశ్రీ... పెట్టుంటుంది."

సరిగ్గా అప్పుడే గౌరీశంకర్‌గారు గుమ్మంలో అడుగుపెట్టారు. ఆయనకు లోకంలో తెలిసిన ప్రశ్న ఒకటే: ఎవరు? "ప్రింటవలేదా? ఆగిపోయిందా? ఎవరు చేశారు? తనుశ్రీయా? కొత్త సిస్టమ్ వద్దని నేను మొదటే అన్నాను! పరీక్షనుంచి రానీ, మండపంలో నిలబెట్టి అడుగుతాను. ఇక ఈ గది గుమ్మం తొక్కనిస్తే చూడండి!"

ఒక్క పైసా పుచ్చుకోకుండా రెండు రోజులు కూర్చుని పని చేసిపెట్టిన పిల్ల, ఇప్పుడు ఆ పరీక్ష హాల్లో ఏమీ తెలియక రాసుకుంటోంది.

"ఆ గుంటనేటీ అనకండి" అన్నారు పోలరాజుగారు. "ఆ దీపం ఎట్టింది నానే."

"మీరా? మీకు దీని పాస్‌వర్డు తెలుసా?"

"తెల్దు."

"గది తాళం ఉందా మీదగ్గర?"

"నేదు."

"మరెలా పెట్టారండీ?"

"అదే నాకూ అర్తం కావటం నేదు. అయినా నానే."

గౌరీశంకర్‌గారు జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నారు. "ఎవరైతేనేం! నాలుగింటికి కాగితాలు నా చేతిలో ఉండాలి" అని అరటి గెలలు చూసుకోవడానికి వెళ్లిపోయారు.

గౌరీశంకర్‌గారి నోట "ఎవరైతేనేం" అనే మాట శైలజ పుట్టి బుద్ధెరిగాక విని ఎరగదు. ఆ మాట ఆయన నోట పలికించగలిగినవాడు బారిడీహ్ మొత్తంమీద ఈ ఒక్క మనిషే. పాల బూత్ దగ్గర పింటూకి ఆ పొద్దున చీవాట్లు పడలేదు. ఇదే వీధిలో ఎన్ని గాజుసామాన్లు పగిలాయో, ఎన్ని కుండీలు దొర్లాయో, ఎంతమంది కోడళ్లు, ఎంతమంది పిల్లలు బతికిపోయారో! అందరి తప్పులూ మోసీ మోసీ ఈయన పేరు ఎంత అరిగిపోయిందంటే, ఎంత కోపం దాని మీద పడినా జారి కింద పడిపోతుంది.

"బాబాయ్" అంది. "ఆ దీపం మీరు పెట్టలేదు. తనుశ్రీ కూడా పెట్టలేదు. నేనే పెట్టాను. ప్లగ్గు కూడా పీకాను."

ఆయన తల తిప్పి చూడనైనా లేదు. "ఎన్నిసార్లు?"

"మూడు."

"మూడేనా! నాను కంపెనీలో ఏడుసార్లు పీకినాను. దీపం ఎప్పుడెట్టినావు? జాబితా దాసీసిన తరవాతేనా?"

"దాచాకే."

"మరింకేటి, బెంగ నేదు."

ఆయన మూడు మీటలు కలిపి నొక్కారు. దీపం మాయమై నల్లటి తెర వచ్చింది. శైలజ పాస్‌వర్డు చెప్పింది. ఆయన ఒక్కో అక్షరం మెల్లగా కొట్టి, ఏదో రాసి నొక్కేసరికి తెల్లటి అక్షరాల వరస కిందికి దిగింది. వేలు పెట్టి చూపించారు. "ఇదేనా నీ జాబితా?"

అదే. నాలుగు వందల పన్నెండు కుటుంబాలూ నల్లటి తెరమీద ఒక్క వరసలో నిక్షేపంగా ఉన్నాయి. శైలజ బల్ల పట్టుకుని కూర్చుంది.

"ఎక్కడికీ ఎల్లనేదమ్మీ. నువ్వెట్టిన దీపం బొమ్మల మీద తెరలాగ పరుసుకుంది. అన్నీ దాని కిందనే ఉన్నాయి. ఈ ముసలిదానికి అంత దీపం మోసే సత్తువ నేదు, అందుకే బిగుసుకుంది. ఇంక..." అని ఆగి, మీటల మీద చేతులు వెనక్కి తీసుకున్నారు. "దీపం కొండెక్కించీమంటావా?"

దీపాన్ని ఆర్పడమనే మాట ఆయన నోట రాలేదు. శైలజ చెప్పులు విప్పి, చేతులు జోడించి, "ఎక్కించండి బాబాయ్" అంది. ఆయన ఒక్క వాక్యం కొట్టారు. కంప్యూటరు ఆగి, మళ్లీ తెరుచుకుంది. జాతరలో తప్పిపోయిన పిల్లల్లా ఐకాన్లన్నీ ఎక్కడివక్కడ వచ్చి నిలబడ్డాయి. మూడు నిమిషాలు కళ్లార్పకుండా చూశారు ఇద్దరూ. నాలుగు, అయిదు, పది నిమిషాలైంది. బాణపు గుర్తు చెప్పిన చోటికల్లా పరుగెత్తింది.

ప్రింటరు కాగితాలు కక్కుతుంటే శైలజ అడిగింది. "చెయ్యని తప్పులన్నీ ఎందుకు బాబాయ్ నెత్తిన వేసుకుంటారు?"

"కంపెనీలో మోటారాగితే, ఎవులు సేసినారని రెండు గంటలు మీటింగు. బాగుసెయ్యడానికి పావుగంట. బయపడినోడు నిజం సెప్పడు, నిజం సెప్పకపోతే మోటారు తిరగదు. ఒకసారి ఇసుగొచ్చి నానే అనీసినాను. మీటింగు లేసిపోయింది. అసలోడు టీ దగ్గిర నా సెవిలో సెప్పీసినాడు. మోటారు తిరిగింది. అప్పట్నించి అలవాటైపోయింది."

నాలుగింటికి గౌరీశంకర్‌గారికి కాగితాలిస్తూ, "దీపం పెట్టింది తనుశ్రీ కాదండీ, పోలరాజు బాబాయి కూడా కాదు. నేనే" అని చెప్పేసింది శైలజ.

ఆయన కళ్లజోడు మీదుగా చూశారు. "ఇది అంటురోగంలా ఉందే!" అని, కాగితాలు కళ్లకద్దుకుని వెళ్లిపోయారు.

పోలరాజుగారు మాత్రం ఇంకా కదల్లేదు. గుమ్మంలో నిలబడి ఒక కాలి చెప్పు వేసుకుంటున్నారు, విప్పుతున్నారు.

"అమ్మీ, నాకో సాయం సెయ్యాల."

"చెప్పండి బాబాయ్."

"మీ దాలమ్మ పిన్ని సెల్లెలి మనవరాలు పుట్టింది గదా, వెన్నెల. ఆ పసిదాని పేరు జాబితాలో ఎయ్యమని సీటీ రాసి నా సేతికిచ్చింది. నాను సొక్కా జేబులో ఎట్టి, సొక్కా ఉతికీసినాను." జేబులోంచి గోలీకాయంత కాగితపు ముద్ద తీసి బల్లమీద పెట్టారు. "మీ పిన్నికి సీటీ రాసిన సంగతే గేపకం నేదు. రాయటం మర్సిపోనాను, నాకు మతి పోతంది అని పొద్దున్నించి కుమిలిపోతంది. అన్నం కూడా తిన్నేదు."

"మీరు ఉతికేశారని చెప్పలేకపోయారా?"

"సెప్పినాను! నానే సేసినానే అంటే, 'అన్నీ నువ్వే సేత్తావులే' అని కళ్లు తుడుసుకుంటంది. ఈ ముద్ద సూపిత్తే బస్సు టికెట్టంటంది. ఈ ఒక్కటీ నిజంగానే నాను సేసినానమ్మీ, ఒట్టు! కానీ ఇంక నన్ను నమ్మేవోలు ఎవులున్నారు?"

శైలజ అప్పటికే కంప్యూటరు వైపు తిరిగి నాలుగు వందల పదమూడో పేరు కొడుతోంది. ఆయన గొంతు బాగా తగ్గించారు.

"అది కొట్టీసి, ఒక్కసారి ఇంటికొచ్చి, తప్పు నాదేనని దానికి నమ్మించాల. నువ్వు సెప్తే నమ్ముతాది. వత్తావేటి తల్లీ?"