పాము తోక మీది మట్టిగూడు

మా ఆదివాసుల సీమ కింబర్లీలో పశువుల మందల వెంట నలభై ఏళ్లు తిరిగినవాణ్ని. పొగరుబోతు గుర్రాలను ఎన్నింటినో లొంగదీశాను. పాదిరీల మిషన్ బడిలో మూడు తరగతులే చదివినా, ఈ నేలను కాపాడే మా రేంజర్ల బృందానికి మొదటి పెద్దను నేనే. అన్నిటికన్నా గొప్ప సంగతి, మా కొండగుహలోని పాము బొమ్మకు పదిహేనో ఏట మళ్లీ రంగు పూసింది నేను. మా మేనమామ దగ్గరుండి పూయించాడు. పోయినవాడు గనుక, మా ఆచారం ప్రకారం ఆయన పేరు పలకను. బొమ్మ వెలిసిపోకుండా తరతరానికీ రంగు పూయడం మా వంశం పని.

నిరుడు ఆ కొండను పేల్చి రోడ్డు వేస్తామన్నారు. బొమ్మ బాగా పాతదని తేలితే రోడ్డును పక్కకు తిప్పుతారట. వయసు తేల్చడానికి ఇన్‌గ్రిడ్ అనే శాస్త్రవేత్త వచ్చింది. రంగు మీద కందిరీగలు మట్టిగూళ్లు కడతాయి. ఆ మట్టిలో అడవి మంటల బొగ్గు నలుసులుంటాయి. బొగ్గు ఎప్పటిదో కొలిస్తే, కింది రంగు అంతకన్నా పాతదని తేలినట్టే.

పాము తల మీది గూడు గీరి పట్టుకెళ్లి, మూడు నెలలకు తిరిగొచ్చింది.

"అంకుల్, యాభై ఏళ్లే వచ్చింది. ఇదే రాస్తే రోడ్డు వాళ్లు ఆగరు."

"అది నేను పాత గూళ్లు గీరేసి పూసిన రంగమ్మా. దాని కింద పాతది ఉంది."

"మీ రంగు మీద కట్టిన గూడు కింది రంగు వయసు చెప్పదు. మీరు పూయని చోటు ఏదైనా ఉందా?"

టీ తాగుతున్న మా అక్క డల్సీ అందుకుంది. "ఎక్కడుంటుంది? తల నుంచి తోక దాకా నేనే పూశానని అరవై ఏళ్లుగా మా చెవులు చిల్లులు పొడుస్తున్నాడుగా!"

చివరికి ఒప్పుకున్నాను. "తోక నేను పూయలేదు."

"ఏంట్రా బాసిల్, ఏమన్నావ్?"

"రంగు కలిపే తెల్లమట్టి అయిపోయింది. తెమ్మని మామ పంపితే ఏట్లో చేపలు పట్టుకుంటూ కూర్చున్నాను. ఈలోగా వాన దిగింది. మర్నాడే సర్కారు వాళ్లు మనల్నందర్నీ మిషన్‌కు తోలుకుపోయారు కదా."

"చేపలైనా పడ్డాయా?"

"ఒక్కటి."

అక్క నవ్వి నవ్వి టీ ఒళ్లో ఒలకబోసుకుంది.

మర్నాడు గుహ ముందు నిలబడి, అక్కడుండే మా పోయినవాళ్లకు వినబడేలా "మామా, మేమే, ఈ పిల్ల మనతో వచ్చింది" అని కేకేసి లోపలికి తీసుకెళ్లాను. తోక మీద, పాతవాళ్లు గీరకుండా చుట్టూ రంగు పూసి వదిలేసిన, రాయిలా గట్టిపడిన నల్లటి గూడు ఒకటి దొరికింది. మళ్లీ మూడు నెలలకు లెక్క తేలింది, మూడు వేల ఏళ్లు. పటంలో రోడ్డు గీత కొండకు అవతలికి జరిగింది.

నివేదికలో ఏమని రాయమంటారని ఇన్‌గ్రిడ్ అడిగింది. "తోక మొదలు దాకా బాసిల్ పూశాడు, తోక పాతవాళ్లది అని రాయమ్మా. ఆ తోకను ముట్టుకోకుండా కాపాడింది కూడా బాసిలే అని రాయి" అన్నాను.

రాసింది.