కాటా ఎక్కిన నెలలు

యుద్ధం రోజులు. విజయనగరంలో మాది బియ్యం కొట్టు. పెళ్లయి ఆరేళ్లయినా నాకు పిల్లల్లేరు. ఒళ్లు తగ్గితేగాని కడుపు పండదన్నాడు వైద్యుడు. మాఘం దాకా చూసి కొడుక్కి రెండో పెళ్లి చేస్తానని అత్తగారు నా ముందే అన్నది.

ఆషాఢ శుద్ధ ఏకాదశి నాడు బస్తాలు తూచే కాటా ఎక్కాను. ఏడు మణుగుల రెండు వీశెలు; మణుగుకి ఎనిమిది వీశెలు, ఇప్పటి లెక్కలో ఎనభై కిలోల పైమాటే.

"బస్తా కంటే నువ్వే ఎక్కువ తూగుతన్నావే," అన్నారు మా ఆయన, రాళ్లు సర్దుతూ.

పొద్దున్న చోడి అంబలి, అదే రాగి జావ, మధ్యాహ్నం గుప్పెడు దంపుడు బియ్యం, తోటకూర, ఉలవకట్టు. నెయ్యి, నూనె, బెల్లం లేవు. సాయంత్రం పెసల గుగ్గిళ్లు తినమన్నాడు వైద్యుడు. మాఘం తలచుకుని అవీ మానేశాను.

మోకాళ్ల నొప్పి పోయింది. ఆగకుండా ఎనిమిది బిందెలు తోడగలిగాను. అది లాభమే. కానీ దువ్వెన నిండా జుట్టు వచ్చేది, రుబ్బురోలు దగ్గర కళ్లు తిరిగేవి. కార్తీక పౌర్ణమికి ఐదు మణుగుల ఆరు వీశెలు తూగాను. పన్నెండు వీశెలు పోయాయి.

నెలనెలా ముట్టయి బయట కూర్చున్న రోజుల్ని పెరటి గోడ మీద బొగ్గుతో గీసేదాన్ని. ఆ గీతలు అత్తగారూ చూసేది.

"ఒసే, రెండు నెల్లయి గీత లేదేటే?"

కడుపేమోనని నాకూ ఆశే.

"ఆ అంబలి పారబొయ్యి, నా తల్లే," అని తన చేత్తో అన్నంలో నెయ్యి పోసింది. మంత్రసానిని పిలిపించి, తను పూజగదిలోకి వెళ్లింది.

మంత్రసాని నా పొట్ట నొక్కి చూసింది. "కడుపు కాదమ్మా. తిండి సాలక ఆగిపోనాది. తింటే తిరిగొస్తాది."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. మాఘం వెళ్లేదాకా చెప్పొద్దన్నాను.

"నాను సెప్పకపోతే నీ ఒల్లు సెప్పదేటి?" అన్నది. అయినా అత్తగారితో మాత్రం, ఇప్పుడే తేల్చి చెప్పలేనని వెళ్లిపోయింది.

తినకపోతే ఇంకొన్నాళ్లు వాళ్లు కడుపనే నమ్ముతారు, కాని బిడ్డ మాట ఉండదు. తింటే బిడ్డ కలిగే దారి ఉంటుంది, కాని నా గుట్టు బయటపడుతుంది. నాలుగు రోజులు ఇదే ఆలోచించాను. ఐదో రోజు నుంచి పెట్టిందంతా తిన్నాను.

పుష్య బహుళ తదియ నాడు పెరటి గోడ మీద గీత గీసి, బయట కూర్చున్నాను. అత్తగారు గీత చూసింది, నన్ను చూసింది. మధ్యాహ్నం విస్తరి దూరంగా పెట్టి వెళ్లింది. అన్నంలో నెయ్యి లేదు. మాఘానికి ఇంకా పదమూడు రోజులున్నాయి.