మొగ పూడిన ఏడు

సత్తెనపల్లి పక్క నల్లరేగడిలో పుట్టినదాన్ని. నీళ్ళంటే నాకు తెలిసింది సాగర్ కాలవ, చేతిపంపు, అంతే. పాస్టరు గారు కుదిర్చిన సంబంధం చేసుకుని, కొత్తపట్నం అవతల సముద్రం పక్కనున్న ఊరికి కాపరానికి వచ్చాను. వచ్చిన వారంలోనే పరువు పోగొట్టుకున్నాను. మా అత్త గుమ్మంలో నిలబడి, "పోటొస్తా ఉందమ్మాయ్, బుట్ట అందుకో" అంది. అయ్యో పాపం, పెద్దావిడకి ఎక్కడ పోటు పుట్టిందో ఏమోనని నేను బుట్ట వదిలేసి నొప్పుల మందు సీసా పట్టుకుని పరిగెత్తాను. వీధి వీధంతా నవ్వింది. పోటంటే సముద్రం పొంగి రావడమట, పాటంటే వెనక్కి తగ్గడమట! ఆ తర్వాత చాన్నాళ్ళు ఆడవాళ్ళు నన్ను చూస్తే చాలు, "ఏమ్మా, ఇయ్యాల ఎక్కడ పోటు?" అనేవాళ్ళు. నేనూ ఊరుకునే రకం కాదు. "మీ నోట్లో" అనేదాన్ని.

మా ఇంటి వెనక ఇసక దిబ్బ దిగితే ఉప్పుకయ్య. సముద్రానికీ ఊరికీ నడుమ పొడుగ్గా పరుచుకున్న నీళ్ళు. పడమటి మెట్టల్లో కురిసిన వాన వాగులో పడి ఒక పక్క నుంచి వచ్చి చేరుతుంది. సముద్రపు నీళ్ళేమో ఇసక తిన్నెలో ఉన్న ఒకే ఒక్క గండి గుండా పోటుకి లోపలికొస్తాయి. ఆ గండినే మొగ అంటారు. తీపీ ఉప్పూ కలిసిన ఆ నీళ్ళలో, మడ చెట్ల వేళ్ళ సందుల్లో రొయ్య పిల్లలు పెరుగుతాయి. పుట్టేది సముద్రంలోనే గానీ పెరగడానికి ఇటు రావాల్సిందే. నేను అంగన్‌వాడీ టీచరుగా చేరాను, అందుకే సముద్రం తన పిల్లల్ని ఇక్కడ నాలాంటి దాని దగ్గర వదిలి వెళ్తోందని నవ్వుకునేదాన్ని.

మా అత్త నడుముకి తాటాకు బుట్ట కట్టుకుని కయ్యలో కూర్చుని జరుగుతూ, చేతులతో అడుగంతా తడిమి రొయ్యలూ పీతలూ పట్టేది. ఈ వయసులో ఎందుకు, మానెయ్యమని ఒంగోలుకి ఆటో నడిపే మా ఆయన ఎంత గొడవ చేసినా వినేది కాదు. "కయ్యలో దిగితే నేనొక మనిషినిరా. ఇంట్లో కూర్చుంటే మంచం కోడుని" అనేది.

ఆ ఏడు వానల్లేవు. వాగు రాలేదు. లోపల్నుంచి నెట్టే నీళ్ళు లేక, అలలు తెచ్చిన ఇసకంతా గండిలోనే మేట వేసి మొగ పూడిపోయింది. ఎండలు ముదిరేసరికి కయ్య సగానికి సగం ఎండింది. మిగిలిన నీళ్ళు ఉడుకెత్తి ఒకటే కంపు. చచ్చిన చేపలు ఒడ్డంతా తెల్లగా పడి ఉండేవి. ఆడా మగా అందరం పారలు తీసుకుని మొగ తవ్వాం. పొద్దున తవ్వింది సాయంత్రానికి పూడేది. ఆఫీసుల చుట్టూ తిరిగితే చూద్దామన్నారు. చూస్తూనే ఉన్నారు. అత్త ఖాళీ బుట్టతో ఇంటికి వచ్చి గోడకి ఆనుకుని కూర్చునేది. ఆవిణ్ణి అలా చూడలేక నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చేది.

సరిగ్గా అప్పుడే దిగాడు మా తమ్ముడు. వెనకే వాడి స్నేహితుడి పొక్లెయిను. ఎండిన చోట ముందుగా ఎవరు రొయ్యల చెరువు తవ్వుకుంటే వాళ్ళదేనని ఎవడో చెవిలో ఊదాడట. వరసగా రెండేళ్ళు మిరపకి తామర పురుగు తగిలి వాడు బాగా దెబ్బతిని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. కయ్య అడుగున ఎర్ర గుడ్డ పీలికలు కట్టిన కర్రలు పాతి హద్దులు పెట్టుకొచ్చాడు.

"ఒరేయ్, బుద్ధుందా నీకు? అది కయ్యరా! అక్కడ చెరువు తవ్వితే మొగ తెరిచినా నీళ్ళెక్కడ నిలుస్తాయి? బావుల్లో మంచినీళ్ళు కూడా ఉప్పవుతాయి" అని ఇంటి కప్పు లేచిపోయేట్టు అరిచాను.

"చవిటి నేలే అక్కా! గడ్డి కూడా మొలవదు. దానికింత రాద్ధాంతమా? నా పిల్లల్ని ఏం పెట్టి సాకమంటావే?" అన్నాడు. అటు చూస్తే అత్త, ఇటు చూస్తే తోడబుట్టినవాడు. అంతా విన్న అత్త, "ముందు అన్నం తిను నాయనా" అని వాడికి కంచం పెట్టింది.

మర్నాడు పొద్దున్నే మిషన్ని కయ్యలోకి దింపడానికి వాడు బయల్దేరితే, వెనకే నేనూ వెళ్ళాను. వాడు పాతిన కర్రల మధ్య అత్త కనబడింది. ఎండిపోతున్న గుంటల్లో కొట్టుకుంటున్న రొయ్య పిల్లల్ని బిందెలో ఎత్తి, దూరంగా లోతున్న చోటికి మోసుకెళ్ళి పోస్తోంది. మళ్ళీ వస్తోంది. మోకాళ్ళ దాకా బురద.

"ఎన్నింటిని మోస్తావత్తా?" అన్నాడు తమ్ముడు.

"నా చేతనైనకాడికి" అంది, బిందె దించకుండానే.

వాడు ఆ బిందె వెంట నాలుగడుగులు వేశాడు. తర్వాత నా వైపు తిరక్కుండానే అన్నాడు. "మన చివరి చేలకి కాలవ నీళ్ళు రాని ఏడు గుర్తుందా అక్కా? పైవాళ్ళు నీళ్ళన్నీ మళ్ళించుకుంటే, మనం మిరప మొక్కలకి బిందెలతో పోశాం. అమ్మ కూడా ఇట్టాగే మోసింది."

గుర్తులేకపోవడం ఏంటి? నా భుజం ఇంకా నొప్పిగానే ఉంది.

వాడు పొక్లెయిను దగ్గరికి వెళ్ళి స్నేహితుడితో ఏదో అన్నాడు. ఇద్దరూ కాసేపు కేకలేసుకున్నారు. ఆఖరికి మిషన్ కయ్యలోకి దిగలేదు. ఇసక తిన్నె మీదుగా మొగ వైపు మళ్ళింది.

మేం పారలతో నెలంతా చేసి ఓడిపోయిన పని అది ఒక్క పాటులో చేసింది. పున్నమి రోజులు. మధ్యాహ్నం దాటాక పోటు మొదలైంది. ముందు సన్నగా, నురగతో, వచ్చీ రానట్టు వచ్చాయి నీళ్ళు. తర్వాత గట్లు విరుచుకుని ఒక్క ఉరుకున లోపలికి దూకాయి. ఊరు ఊరంతా ఒడ్డు మీదే ఉంది. అత్త చీర ఎగదోపుకుని నడుం లోతులోకి నడిచింది. "చల్లగా ఉన్నాయర్రా!" అని అరిచింది. అంత సంతోషంగా ఆవిడ గొంతు నేనెప్పుడూ వినలేదు. నేనూ పిచ్చిదానిలా కేకలేశాను.

అటు తిరిగి చూస్తే తమ్ముడు కర్రల వైపు చూస్తూ ఉన్నాడు. ఎర్ర పీలికలు ఒక్కొక్కటే మునిగిపోతున్నాయి. నేను కేకలు మానేసి వాడి పక్కకి వెళ్ళాను.

అప్పుడే వాడి ఫోన్ మోగింది. మా మరదలు. "నువ్వే మాట్లాడవే, నాకు నోరు రావట్లా" అని నా చేతిలో పెట్టాడు.

"వదినా, తవ్వడం మొదలెట్టారా?" అంది అవతల్నుంచి, ఆశగా.

"తవ్వాడమ్మా" అన్నాను. "మీ ఆయన తవ్వింది చూడ్డానికి ఊరంతా వచ్చింది."

తమ్ముడు ఫోన్ లాక్కున్నాడు. "చెరువు లేదే. ఉన్న అరెకరంలో మళ్ళీ మిరపే వేద్దాం. ఏడవమాకు" అన్నాడు, తను ఏడుస్తూనే.